పెద్ద మిషన్ పడిపోయిన సీజన్

నన్ను పనిలోంచి తీసేస్తానని మా మిల్లు సేటు చెప్పింది ఆఫీసు గదిలో కాదు, లారీలు తూచే కాంటా దగ్గర. వడ్ల లారీలు గేటు దాకా వరస కట్టి ఉన్నాయి. డ్రైవర్లు దిగి బీడీలు కాలుస్తున్నారు. హమాలీలు బస్తాల మీద కూర్చుని చోద్యం చూస్తున్నారు. అంతమంది ముందూ అరిచాడు. అదే మాట గదిలో, తలుపు వేసి అని ఉంటే నేను నోరు మూసుకుని బస్సెక్కి ఇంటికి పోయేదాన్నేమో. ఏమో ఏమిటి, పోయేదాన్ని కాదు. నా సంగతి నాకు తెలుసు.

ముందు ఆ మిషన్ సంగతి చెప్పాలి. రెండువేల మూడో, నాలుగో, ఆ ప్రాంతం. నేను సూర్యాపేటలో కంప్యూటర్ డిప్లొమా చేసి, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో చేరి అప్పటికి మూడేళ్లు. మాది చివ్వెంల దగ్గర ఊరు, గొర్రెలున్న ఇల్లు. మిల్లు ఆఫీసులో ఆడమనిషి కూర్చోవడం అదే మొదలు. మా సేటు వాళ్ళ నాన్న బతికున్న రోజుల్లో, మూతపడ్డ ఏదో ఫ్యాక్టరీ వేలంలో ఒక పాత మినీ కంప్యూటర్ కొన్నాడట. పేరుకే మినీ. ఇనుప బీరువా అంత ఉండేది. దాని నుంచి నాలుగు తెరలకు తీగలు పోయేవి. ఒకటి కాంటా గదిలో, ఒకటి గోదాములో, ఒకటి సేటు బల్ల మీద, ఒకటి నా దగ్గర. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు తప్ప బొమ్మా లేదు, మౌసూ లేదు. మిల్లులో అందరూ దాన్ని పెద్ద మిషన్ అనేవాళ్ళు.

అప్పటికే ఊళ్ళో ప్రతి దుకాణంలోకీ మామూలు కంప్యూటర్లు వచ్చేశాయి. ఇంకా ఈ డొక్కునే పట్టుకుని వేలాడుతున్నారేందని పక్క మిల్లుల వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు. నవ్వనీ. నాకది నచ్చింది. చెప్పిన పని చేస్తుంది, చెయ్యలేకపోతే ఎందుకు చెయ్యలేదో ఒక ముక్క తెర మీద చెబుతుంది. ఆ మిల్లులో అంత మర్యాద తెలిసింది అదొక్కటే.

ఆ ఏడాది దసరా అయిపోయాక హైదరాబాదు నుంచి సర్వీసు కంపెనీ ఇంజినీరు వచ్చాడు. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇక మరమ్మతులు చెయ్యరట, కొత్తది ఎక్కించుకోవాలట. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే మిషన్ లోపల పెత్తనం చేసేది. ఏ తెరకు ఎప్పుడు పని ఇవ్వాలి, దేన్ని ఎక్కడ దాచాలి, అన్నీ అదే చూసుకుంటుంది. ఆయన క్యాసెట్టు లాంటి టేపు పెట్టి, పొద్దంతా కూర్చుని కొత్తది ఎక్కించి, సేటు తెప్పించిన భోజనం చేసి వెళ్ళిపోయాడు. సీజన్ ఇంకా మొదలు కాలేదు కాబట్టి మిషన్ మీద పెద్ద పని లేదు. అంతా బాగానే ఉందనుకున్నాం.

వడ్లు రావడం మొదలైంది, మిషన్ పడిపోవడం మొదలైంది.

పడిపోవడమంటే, నాలుగు తెరలూ ఒక్కసారి ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. ఏది నొక్కినా ఉలకదు, పలకదు. ఆపి మళ్ళీ లేపితే మెల్లగా ఆవలిస్తూ లేస్తుంది. ఈలోగా తూకం వేశాక మిషన్ ఇంకా దాచుకోని లెక్కలన్నీ గల్లంతు. తూకం అయిపోయిన లారీని వెనక్కి రప్పించి మళ్ళీ కాంటా మీద ఎక్కించాలి. డ్రైవర్ ఊరుకుంటాడా? "మళ్ళా ఏంది? పొద్దటి సంది గీడనే ఉన్న. మీ మిషన్‌కు ఫిట్స్ వస్తే నాకేంది?" అని లంకించుకునేవాడు. ఒకసారి పడితే సరే. పొద్దున పడింది, మధ్యాహ్నం పడింది, మర్నాడు మళ్ళీ పడింది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

నాకు తోచినవన్నీ చూశాను. కరెంటు ఎక్కువతక్కువలేమోనని స్టెబిలైజర్ పక్కనే నిలబడి ముల్లు చూశాను. అది కదిలినా కదలకపోయినా మిషన్ పడుతోంది. వేడేమోనని ఫ్యాన్ ఎదురుగా పెట్టాను. తవుడు దుమ్మేమోనని బయటి జాలీలన్నీ బ్లోయర్‌తో ఊదించాను. తుమ్ములు నాకు, ఫలితం సున్నా.

సేటు ఫోన్ చేస్తే ఇంజినీరు మళ్ళీ వచ్చాడు. వచ్చింది సరిగ్గా కార్తీక అమావాస్య నాడు. అమావాస్యకు మా దగ్గర మిల్లులన్నీ బంద్. హమాలీలు రారు, లారీలు రావు, కాంటా గదికి తాళం. ఆయన ఒక్కడే నా తెర ముందు కూర్చుని సాయంత్రం దాకా మిషన్‌ను నడిపించాడు. గుర్రంలా పరుగెత్తింది. ఒక్కసారి కూడా పడలేదు. "మిషన్‌లో ఏం లేదు సార్. ఆపరేటర్ ఏదో తప్పు నొక్కుతున్నట్టుంది" అని చెప్పేసి బస్సెక్కాడు. నేను పక్కనే ఉన్నాను. నా ముఖం చూడకుండా నా గురించి చెప్పాడు. ఒళ్లు మండిపోయింది.

మర్నాడు మిల్లు తెరిచిన కాసేపటికే మిషన్ పడింది. ఇక సేటు ఆగలేదు. నన్ను కాంటా దగ్గరికి పిలిపించి అందరి ముందూ మొదలుపెట్టాడు.

"ఏం చేసినవ్ దాన్ని? ఇంజినీరు ఉన్నంతసేపు మంచిగ నడిచింది. నువ్వు కూసుంటనే పడుతది. ఆడపిల్లకు, అదీ గొర్లు కాసే ఇంటి పిల్లకు మిషన్ అప్పజెప్పినం సూడు, మాది బుద్ధి తక్కువ."

"నేనేం చెయ్యలే సేటు."

"ఇగ మాట్లాడకు. ఆదివారం దాక సూస్త. బాగయితే అయింది, లేకుంటే నువ్వూ ఇంటికే, ఆ డొక్కు కూడా పాత సామాన్లోనికే."

డ్రైవర్లలో ఎవడో కిసుక్కున నవ్వాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. పని పోతుందని కాదు. పోతే ఇంకోటి వెతుక్కుంటాను. కానీ ఎక్కడ వెతుక్కోవాలి? ఆ డ్రైవర్లే ఇవాళ మా మిల్లు, రేపు నేరేడుచర్ల, ఎల్లుండి కోదాడ. మిల్లుల మధ్య వార్తలు మోసేది వాళ్ళే. "ఫలానా మిల్లుల ఒక పిల్ల మిషన్ ఖరాబు చేసిందట" అన్న మాట వడ్ల బస్తాలతో పాటు అన్ని చోట్లా దిగుతుంది. ఇక నన్నెవడు పనిలో పెట్టుకుంటాడు? చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని ఇంటికి పోవాలా? పోను. అప్పుడే, అక్కడే అనుకున్నాను, పోనంటే పోను.

గదిలోకి వచ్చి కూర్చుని ఆలోచించాను. అమావాస్య నాడు ఎందుకు పడలేదు? ఆ రోజు ఒక్క తెర మీదే పని జరిగింది. నేను చూసినంతలో పొద్దున్నే ఒక్కదాన్నే ఉన్నప్పుడూ పడదు. మధ్యాహ్నం అందరూ అన్నానికి లేచినప్పుడూ పడదు. వెంటనే కాంటా గదిలోని ముసలి గుమాస్తా దగ్గరికి వెళ్ళాను.

"జర తెర ముందు నుంచి లేవున్రి. నేను చెప్పినంక కూసోన్రి."

"ఏంది బిడ్డా, నా పనికి కూడా ఎసరు పెడుతున్నవా?"

"లేవున్రి అంటే."

గొణుక్కుంటూ లేచాడు. మిషన్ పడకుండా నిలబడింది. ఆయన్ను కూర్చోబెట్టి, గోదాములో తెర కూడా తెరిపించి, సేటు లేని సమయం చూసి ఆయన తెర కూడా వెలిగించాను. నాలుగూ కలిసి పని మొదలుపెట్టాక కాసేపటికి, ఇదిగో, ధబ్‌మని పడిపోయింది. జీవితంలో మొదటిసారి మిషన్ పడిపోతే సంతోషపడ్డాను. గుమాస్తా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

ఎస్‌టీడీ బూత్‌కు పోయి ఇంజినీరుకు ఫోన్ చేశాను. నాలుగు తెరలూ నడిస్తేనే పడుతుందని చెప్పాను. ఆయన "మీ మిషన్‌లో మెమరీ కార్డులు రెండున్నాయమ్మా. పాత సిస్టమ్‌కు మొదటిదే కనిపించేది. రెండోది ఊరికే ఉండేది. కొత్తది రెండూ వాడుకుంటుంది. పని పెరిగితే రెండోదాని మీదికి పోతుంది" అన్నాడు.

"మరి ఆ రెండోదే చెడిపోయి ఉంటే?"

"వాడని కార్డు ఎట్లా చెడిపోతుందమ్మా? కోదాడలో ఒక మిల్లులో ఇట్లాంటి మిషనే ఉంది, నేనే కొత్తది ఎక్కించాను. రెండు కార్డులతో బ్రహ్మాండంగా నడుస్తోంది."

"మూత తీసి చూడొచ్చా?"

"తీస్తే మా బాధ్యత ఉండదు."

పెట్టేశాను. కోదాడ అన్న మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. మా నాయన ఏం చేస్తాడంటే, మన మంద జబ్బు పడి పక్కవాళ్ళ మంద పడకపోతే, మందుల కోసం పరుగెత్తడు. రెండు మందలూ ఎక్కడ మేస్తున్నాయి, ఏ నీళ్లు తాగుతున్నాయి, ముందు అది చూసి వస్తాడు. నేనూ ఆయన బిడ్డనే కదా. మర్నాడు రానని గుమాస్తాతో చెప్పాను. సేటును అడగమన్నాడు. అడగను, మీరే చెప్పండి అన్నాను.

పొద్దున్నే బస్సెక్కి గరిడేపల్లి, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరి, అడుగుతూ ఆ మిల్లు పట్టుకున్నాను. ఆ మిల్లు ఆపరేటర్ నాకంటే పెద్దాయన, మెత్తటి మనిషి. మిర్యాలగూడ నుంచి వచ్చానని చెప్పగానే అడిగిన మొదటి మాట ఇది.

"ఓహో, మిషన్ పాడుచేసిన అమ్మాయి మీరేనాండీ?"

రెండు రోజులు కూడా కాలేదు! నా మాట నాకంటే ముందే కోదాడలో దిగింది. ఏడుపొచ్చింది. ఏడవలేదు. "పాడుచేసింది నేను కాదండీ, అది తేల్చడానికే వచ్చాను. మీ మిషన్ చూపించండి" అన్నాను. పాపం, ఆయన నాలిక కరుచుకుని కుర్చీ వేశాడు.

చూశాను. అదే బీరువా, అవే తెరలు, అదే కొత్త సిస్టమ్. అక్కడా తవుడు దుమ్మే, అక్కడా అదే కరెంటు. తేడా ఏమీ దొరకలేదు. నిరాశగా లేచి గడప దాటబోతుంటే ద్వారబంధానికి పసుపు, కుంకుమ బొట్లు కనిపించాయి. దసరావి, ఇంకా చెరిగిపోలేదు. వెనక్కి తిరిగి మిషన్‌ను చూశాను. దాని ముందు తలుపు మీద ఒక్క కుంకుమ బొట్టు. అంతే.

"దసరాకు మిషన్ మీద పసుపునీళ్లు చల్లరాండీ?"

"అమ్మో, కరెంటు వస్తువు మీద నీళ్లేంటండీ! గుమ్మానికి చల్లి ఊరుకుంటాం. లోపల దానికి బొట్టొక్కటే పెడతాం."

నిలబడ్డచోటే నిలబడిపోయాను.

మా మిల్లులో దసరా పూజ సేటు వాళ్ళ అమ్మ చేస్తుంది. మిల్లు వెనకే వాళ్ళ ఇల్లు. ఆ రోజు మిషన్లన్నీ ఆపేస్తారు. ఆమె చెంబు నిండా చిక్కటి పసుపునీళ్లు కలిపి, మామిడి రెబ్బ ముంచి, వడ్లు దంచే మిషన్ నుంచి కాంటా దాకా అన్నిటి మీదా చల్లుకుంటూ వస్తుంది. పెద్ద మిషన్ దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ప్రేమ ఎక్కువ. అది ఆమె భర్త కొన్నది. "ఇంటికి బువ్వ పెట్టేది ఇదే" అంటూ నెత్తి మీద, గాలి పోయే సందుల మీద, రెబ్బతో కాదు, చెంబుతోనే వంపేది. నేను చేరిన మొదటి దసరాకే వద్దని చెప్పాను. పండుగ పూట అడ్డం మాట్లాడకని సేటు కసిరాడు. బయట కారిన పసుపు తుడిచేదాన్ని. లోపలికి పోయింది లోపలే ఉండేది. పాత సిస్టమ్ ఆ రెండో కార్డు జోలికే పోలేదు కాబట్టి ఇన్నేళ్లూ ఏమీ కాలేదు.

కోదాడ నుంచి వచ్చేటప్పుడు బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. పక్క సీటు ఆవిడ సర్దుకుని కాస్త దూరంగా కూర్చుంది.

మర్నాడు శనివారం. మిల్లు తెరవక ముందే వెళ్ళాను. మెడికల్ షాపులో కొన్న స్పిరిట్, దూది, బడిపిల్లలు వాడే రబ్బరు, స్క్రూ డ్రైవర్ పట్టుకుపోయాను. మూత తీస్తే మా బాధ్యత ఉండదన్నాడు ఆ ఇంజినీరు. ఉండొద్దు. ఇన్నాళ్లూ ఉండి ఏం ఉద్ధరించింది? కరెంటు తీసేసి, మరలు విప్పి, మూత దించాను. గుప్పున పసుపు వాసన. మొదటి కార్డు లోపలికి ఉంది, శుభ్రంగా ఉంది. రెండోది సరిగ్గా గాలి సందుల కింద ఉంది. దాని అంచున బంగారు రంగు గీతలు ఉండాలి. వాటి మీద పసుపు గట్టిగా పేరుకుని, దానికి తవుడు అంటుకుని, అక్కడక్కడ చిలుం పట్టి ఉంది.

ఓపిగ్గా తుడిచాను. దూది మీద దూది పచ్చగా మారుతోంది. రబ్బరుతో అంచు రుద్దితే కింద గీతలు మెల్లగా మెరుపు తేలాయి. కార్డు కూర్చునే గాడి కూడా కడిగి, ఆరనిచ్చి, బిగించాను. మిల్లు తెరిచాక గుమాస్తాను, గోదాము మనిషిని కూర్చోబెట్టి, సేటు తెర కూడా వెలిగించి, "ఇయ్యాల మిషన్‌ను పడగొట్టున్రి, మీ ఇష్టం" అన్నాను. లారీలు వస్తూనే ఉన్నాయి. నాలుగు తెరలూ దడదడలాడాయి. మిషన్ చెక్కుచెదరలేదు. సాయంత్రానికి గుమాస్తా వచ్చి, "పడుతలేదు గదనే!" అన్నాడు, ఏదో పోగొట్టుకున్నట్టు.

ఆదివారం పొద్దున సేటు గదిలోకి వెళ్ళి పసుపు పట్టిన ఆ దూది ఆయన బల్ల మీద పెట్టాను. అంతా చెప్పాను. ఆయన లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"సరే. అయిందేదో అయింది. మిషన్ నడుస్తుంది గద, నువ్వు పని చేస్కో. గీ పసుపు సంగతి మాత్రం ఎక్కడ అనకు."

"నన్ను తిట్టింది కాంటా కాడ, అందరి ముంగట. నా తప్పు లేదని కూడ గాడనే చెప్పాలె సేటు."

"నీకు తిక్క గిట్ల లేసిందా? మా అమ్మ చేసిన పూజను డ్రైవర్ల ముంగట పెట్టాల్నా? ముసలామె, వింటే ఏమైతది? ఇగ ఊకో."

"మీ అమ్మ బాధపడుతదని నేను చెడ్డపేరు మోయాల్నా? నాకూ అమ్మ ఉంది. కోదాడల నన్ను చూడంగనే 'మిషన్ పాడుచేసిన అమ్మాయివా' అని అడిగిన్రు. మీరు చెప్పేదాక నేను తెర ముంగట కూసోను. తీసేస్తరా? తీసెయ్యున్రి. నేనే పోయి లారీ లారీకి చెప్పుకుంట."

నా గొంతు ఎంత పెరిగిందో నాకు తెలియలేదు. తలుపు తోసుకుని సేటు వాళ్ళ అమ్మ లోపలికి వచ్చింది. వరండాలో నిలబడి అంతా విన్నట్టుంది. బల్ల మీది దూదిని వేలితో తాకి చూసింది.

"నేను పోసిందేనా గిది?"

సేటు దూదిని పక్కకు జరపబోయాడు. నేనే చెప్పాను. "అవునమ్మా. మీరు ప్రేమతోనే పోసిన్రు. అది తట్టుకోలేకపోయింది."

"ఇన్నేండ్ల సంది చల్లుతున్న, ఏ మిషన్ చెడలే" అంది కోపంగా. మళ్ళీ దూది చూసింది. కొడుకు వైపు తిరిగింది. "నన్ను అడ్డం పెట్టుకొని ఆ పిల్లను బద్నాం చేస్తవారా? నేనేమన్న దొంగతనం చేసిన్నా దాసిపెట్టనీకి? నడువ్. పోయి చెప్పు."

సేటు నడిచాడు. వెనక ఆమె, ఆమె వెనక నేను. కాంటా దగ్గర మళ్ళీ లారీల వరస ఉంది. ఆయన మెట్టు మీద నిలబడి, చెప్పులు చూసుకుంటూ, "మిషన్ ఈమె ఖరాబు చెయ్యలే" అన్నాడు.

"వినపడలే" అన్నాను.

డ్రైవర్లు బీడీలు ఆపి ఇటు తిరిగారు. సేటు తలెత్తాడు.

"మిషన్ ఈ పిల్ల ఖరాబు చెయ్యలే. ఖరాబయింది మా ఇంటోళ్ళ చేతుల్నే."

"ఇంకా?"

నా వైపు చూసిన చూపుకు వేరే రోజైతే భయపడేదాన్ని. ఆ రోజు కళ్ళు దించలేదు.

"బాగు చేసింది ఈమెనే. ఇంజినీర్‌తోని కాలే, ఈమెతోని అయింది. సాలా?"

"సాలు" అన్నాను.

కాంటా మీదున్న లారీలోంచి డ్రైవర్ తల బయట పెట్టి, "అయితే ఇగ మా తూకం కొట్టుమను సేటూ, కోదాడ పోవాలె నేను" అని అరిచాడు. అందరూ నవ్వారు. ఈసారి నవ్వు నా మీద కాదు. నేను లోపలికి వెళ్ళి తెర ముందు కూర్చుని ఆ లారీ నంబరు కొట్టబోయాను. కళ్ళలో నీళ్లు తిరిగి పచ్చ అక్షరాలు అలుక్కుపోయాయి. గుమాస్తా చూసి, "ఇప్పుడెందుకే ఏడుస్తున్నవ్, గెలిసినంక?" అన్నాడు.

"ఏడుస్తలేను. ఇన్ని దినాలు ఆపుకున్న, గంతే" అని చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ లారీ చీటీ కొట్టి డ్రైవర్ చేతికి నేనే ఇచ్చాను.